చిల్లు పడకముందే పట్టీ: అడ్మిరల్ మకారొవ్ జాడల్లో ఆరు రోజులు

మొదటి రోజు: ఇస్తాంబుల్

విశాఖపట్నంలో ఓడల మరమ్మతు పనిలో ముప్ఫై రెండేళ్లు గడిపిన నాకు స్తెపాన్ ఒసిపొవిచ్ మకారొవ్ పేరు మొదట తెలిసింది ఒక శిక్షణ తరగతిలో. ఓడ అడుగున చిల్లు పడినప్పుడు బయటి నుంచి తాళ్లతో లాగి కప్పే మందపాటి కాన్వాసు పట్టీని మాకు చూపించిన బోధకుడు, దీన్ని ముందుగానే కుట్టి ఓడలో సిద్ధంగా ఉంచాలని పట్టుబట్టినవాడు జార్ చక్రవర్తుల కాలపు రష్యా నౌకాదళంలో ఇరవై ఒక్కేళ్ల చిన్న అధికారి అని ఒక్క మాట చెప్పి తరువాతి పాఠానికి వెళ్లిపోయాడు. ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్యోగ విరమణ తరువాత దొరికినంత చదివాను. మా మేనల్లుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యవిద్య చదువుతున్నందున, వాణ్ని చూసే నెపంతో ఆయన జీవితం నడిచిన చోట్లు కొన్నయినా చూడాలని సెప్టెంబరులో బయలుదేరాను. విమానం ఇస్తాంబుల్‌లో మారాలి. అక్కడ ఒక రోజు ఆగడం మాత్రం నేను కోరి చేసుకున్న ఏర్పాటే.

ఉదయం ఎమినోను రేవులో ఫెర్రీ ఎక్కి బోస్ఫరస్ జలసంధి మీదుగా ఉత్తరానికి, నల్లసముద్రపు ముఖద్వారం వైపు ప్రయాణించాను. దాదాపు ముప్ఫై కిలోమీటర్ల పొడవున్న ఈ జలసంధి రుమేలీ కోట దగ్గర ఏడు వందల మీటర్లకు సన్నబడుతుంది. అర్నావుత్‌కోయ్ ఊరి దగ్గర అకింతి బుర్ను అనే మలుపు ఉంది. ఆ పేరుకు ప్రవాహపు కొన అని అర్థం. అక్కడ నీరు ఒడ్డును ఒరుసుకుంటూ, గోదావరి వరద రోజుల్లో వంతెన కానా చుట్టూ తిరిగినట్టు సుడులు తిరుగుతూ దక్షిణానికి పరుగెత్తుతుంది. తెడ్ల పడవల కాలంలో ఆ మలుపు దాటించడానికి ఒడ్డున నిలబడి తాళ్లతో పడవలు లాగే మనుషులే వేరుగా ఉండేవారు. ఫెర్రీ రెయిలింగు పట్టుకుని ఆ నీటినే చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే మకారొవ్ 1881, 1882 సంవత్సరాల్లో చూసింది ఈ నీటినే.

అప్పుడాయన ఇక్కడి రష్యా రాయబార కార్యాలయానికి కేటాయించిన ‘తమాన్’ అనే ఆవిరి ఓడకు కమాండరు. అలాంటి ఓడకు పెద్దగా పని ఉండదు. జెండా ఎగరేసి లంగరు మీద నిలిచి ఉండడమే ఉద్యోగం. ఆయన ఆ తీరికను వృథా కానివ్వలేదు. పైనీరు నల్లసముద్రం నుంచి మర్మరా సముద్రానికి పారుతుంటే, అడుగున ఇంకొక ప్రవాహం దానికి ఎదురుగా నడుస్తుందని స్థానిక పడవవాళ్లు చాలాకాలంగా చెప్పుకునేవారు; మార్సిలీ అనే ఇటలీ పండితుడు పదిహేడో శతాబ్దంలోనే దాన్ని పరీక్షించి రాశాడు కూడా. అయినా అందరికీ నమ్మకం కుదరలేదు. మకారొవ్ మొదట బరువు కట్టిన పీపాను పడవ నుంచి లోతుకు దింపాడు. అడుగు ప్రవాహం పీపాను పట్టుకోగానే పడవ పైనీటికి ఎదురు నడవడం మొదలుపెట్టింది. ఆ తరువాత ప్రవాహ వేగాన్ని కొలవడానికి చిన్న చక్రమూ గంటా అమర్చిన సాధనం ఒకటి తయారు చేసుకున్నాడు. లోతులో చక్రం తిరిగేకొద్దీ గంట మోగుతుంది. ఓడ అడుగు గదిలో చెవి పెట్టి ఆ మోతలు లెక్కపెడతారు. ఎలక్ట్రానిక్ మీటర్లు రాకముందు ఓడ గోడకు చెవి ఆనించి పంపు ఆరోగ్యం చెప్పగలిగిన మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నవాణ్ని కనుక, ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

కారణం సాంద్రతలో ఉంది. పెద్ద నదులెన్నో వచ్చి కలిసే నల్లసముద్రపు పైనీటిలో కిలోకు 18 గ్రాముల వరకే ఉప్పు ఉంటుంది; మధ్యధరా నుంచి వచ్చే నీటిలో అది 38 గ్రాములకు చేరుతుంది. తేలిక నీరు పైనుంచి దక్షిణానికి జారుతుంది, బరువు నీరు కిందినుంచి ఉత్తరానికి పాకుతుంది. వేలకొద్దీ కొలతలతో దీన్ని నిరూపించి ఆయన 1885లో ప్రచురించిన గ్రంథానికి రష్యా విజ్ఞాన అకాడమీ బహుమతి ఇచ్చింది.

చివరి రేవు అనదోలు కవాగిలో దిగి యోరోస్ కోట శిథిలాల దాకా ఎక్కితే నల్లసముద్రం బయలుగా కనిపిస్తుంది. మకారొవ్ పేరు రష్యా అంతటా మారుమోగింది ఆ సముద్రం మీదే. క్రిమియా యుద్ధం తరువాత 1856 నాటి పారిస్ ఒప్పందం అక్కడ రష్యాకు యుద్ధ నౌకాదళం లేకుండా చేసింది. 1871లో ఆ నిషేధం తొలగినా, 1877లో తుర్కులతో యుద్ధం మొదలయ్యేనాటికి కొత్త నౌకలు తయారు కాలేదు. ఎదుట తుర్కుల ఇనుప కవచపు నౌకలు. తమ చేతిలో ప్రయాణికుల ఆవిరి ఓడలు. మకారొవ్ ‘వెలీకీ క్న్యాజ్ కాన్‌స్టాంటిన్’ అనే ఓడకు రెండు పక్కలా నాలుగు చిన్న ఆవిరి పడవలను వేలాడదీయించి, వాటికి పేలుడు మందు బిగించి, శత్రురేవు దగ్గరికి చీకట్లో వెళ్లి నీటిలోకి దింపే పద్ధతి ఆలోచించాడు. తొలి దాడులు చాలావరకు గురి తప్పాయి. చివరకు 1878 జనవరి 26 తెల్లవారుజామున బటూమి రేవులో ఆయన పడవలు వదిలిన రెండు టార్పెడోలు ‘ఇంతిబా’ అనే తుర్కీ ఓడను ముంచాయి. తనంతట తాను ఈదే టార్పెడోతో మునిగిన మొదటి ఓడగా నౌకా చరిత్రకారులు దీన్ని లెక్కిస్తారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై తొమ్మిదేళ్లు.

ఓడ మునగకుండా చూడడమే ధ్యేయంగా వృత్తి మొదలుపెట్టినవాడు ఓడలను ముంచే విద్యలోనూ ఆరితేరాడని కొండమీద కూర్చుని అనుకుంటుంటే నాకు గర్వం కలగలేదు. కవచం ఎక్కడ పలచగా ఉందో తెలిసినవాడికి రెండు పనులూ వస్తాయి.

రెండో రోజు: సెయింట్ పీటర్స్‌బర్గ్

మధ్యాహ్నానికి విమానం దిగాను. మేనల్లుడు ఎదురొచ్చి సామాను హాస్టలు దగ్గరి గదిలో పెట్టించాడు. సాయంత్రం వసీల్యెవ్‌స్కీ ద్వీపంలో నడిచాం. నేవా నది ఒడ్డున నౌకా విద్యాలయపు పసుపు రంగు భవనం, దాని ఎదుట మొదటి రష్యా భూప్రదక్షిణ యాత్రకు నాయకుడైన క్రూజెన్‌ష్టెర్న్ కంచు విగ్రహం ఉన్నాయి. ప్రభువుల కుటుంబాల పిల్లలు చదువుకుని అధికారులుగా వెలువడిన చోటు ఇది. మకారొవ్ ఇక్కడ చదవలేదు. నేటి ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ పట్టణంలో 1849 జనవరి 8న కింది హోదా నుంచి పైకి వచ్చిన ఒక నౌకాదళ ఉద్యోగికి పుట్టాడు. తండ్రి బదిలీతో దేశానికి అవతలి కొసన, ఆముర్ నది ముఖద్వారంలోని నికొలాయెవ్‌స్క్‌కు చేరి, అక్కడి చిన్న నౌకా పాఠశాలలో 1865లో చదువు ముగించాడు. ఆ పాఠశాల తయారు చేసేది నౌకలకు దారి చూపే సిబ్బందిని. కమాండరు హోదాకు తీసుకుపోయే బాట వేరు. మార్కులు ఎంత బాగా వచ్చినా ఆ కుర్రవాణ్ని రెండో బాటలోకి ఎక్కించడానికి పై అధికారులు సిఫారసులు చేయవలసి వచ్చింది. ఆయనకు మొదటి అధికారి హోదా 1869లో దక్కింది.

అదే ఏడాది జరిగిన సంఘటన నుంచే మిగిలిన జీవితమంతా నడిచిందని నా అభిప్రాయం. ‘రుసాల్కా’ అనే రెండు ఫిరంగి గోపురాల కవచ నౌకలో ఆయన పనిచేస్తుండగా, ఫిన్లండు తీరపు రాళ్ల మధ్య ఓడ అడుగు ఒక బండకు తగిలింది. పడినది చిన్న చిల్లే. నీరు మాత్రం ఆగలేదు. చేరిన నీరు పంపులకు అందే దారి ఓడలో లేదు. ఒక గదిలో నీరు, ఇంకొక గదిలో పంపు. చివరకు కెప్టెను ఓడను మెరకకు ఎక్కించి కాపాడాడు. తక్కినవారు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటే మకారొవ్ ఓడ నక్షాలు ముందేసుకుని కూర్చున్నాడు. గదులన్నిటి నీటినీ పంపుల దాకా చేర్చే ప్రధాన గొట్టం ఉండాలని, చిల్లు పడ్డాక తెరచాపలు వెతికి పట్టీ కుట్టుకోవడం కాక ఓడ కొలతకు తగ్గ పట్టీ ముందే సిద్ధంగా ఉండాలని వాదిస్తూ ఆయన రాసిన వ్యాసాలు 1870లో నౌకాదళ పత్రికలో అచ్చయ్యాయి. అడ్మిరల్ పొపొవ్ ఆయన్ని పిలిపించుకుని, కొత్త నౌకల్లో ఈ ఏర్పాట్లు చేయించే పని ఐదేళ్లపాటు అప్పగించాడు.

ఆ పట్టీని రష్యన్‌లో ఏమంటారని మేనల్లుణ్ని అడిగాను. వాడు ఫోనులో వెతికి, “ప్లాస్టిర్ అంటారు మామయ్యా. మా వార్డులో కుట్ల మీద అంటించే దాన్ని కూడా అదే పేరుతో పిలుస్తాం” అన్నాడు. ఒకే మాట ఓడకూ మనిషికీ సరిపోవడం నాకు ఎంతో బాగుంది.

మూడో రోజు: సెయింట్ పీటర్స్‌బర్గ్

పొద్దున కేంద్ర నౌకా సంగ్రహాలయానికి వెళ్లాం. 1709లో నౌకల నమూనాలు దాచే గదిగా మొదలైన సంస్థ ఇది. పీటర్ చక్రవర్తి కుర్రతనంలో నడిపిన చిన్న పడవ ఇక్కడే ఉంది. నమూనాలు చూస్తూ రోజంతా గడపవచ్చు గాని, నాకు వేరే రెండు చోట్లు ముఖ్యం.

మొదటిది గోర్కొవ్‌స్కయా మెట్రో స్టేషను దగ్గరి తోటలో ఉన్న ‘స్తెరెగూష్చీ’ స్మారకం. 1911లో ఆవిష్కరించిన ఈ కంచు శిల్పంలో ఇద్దరు నావికులు ఓడ అడుగున సముద్రపు వాల్వు తెరుస్తుంటారు, నీరు వాళ్ల మీదికి దూకుతుంటుంది. రష్యా, జపానుల యుద్ధంలో 1904 మార్చి 10న, నేటి చైనా తీరాన అప్పటి రష్యా నౌకాస్థావరమైన పోర్ట్ ఆర్థర్ దగ్గర జపాను నౌకలతో ఒంటరిగా పోరాడిన ఈ విధ్వంసక నౌకలో బతికి బయటపడినవారు నలుగురే. శత్రువుకు చిక్కకుండా ఇద్దరు నావికులు తమను తాము లోపల బంధించుకుని ఓడను ముంచారన్న కథ అప్పట్లో దేశమంతా పాకింది. దానికి ఆధారం లేదని తరువాత తేలింది. శిల్పం మాత్రం నిలిచిపోయింది. అంతకు రెండు రోజుల ముందే పోర్ట్ ఆర్థర్ చేరిన మకారొవ్, ఈ నౌక ఆపదలో ఉందని తెలియగానే ‘నోవిక్’ అనే చిన్న క్రూజరు మీద తన జెండా ఎగరేసి స్వయంగా బయలుదేరాడు. అందుకోలేకపోయాడు. అడ్మిరలే చిన్న ఓడెక్కి తమవాళ్ల కోసం వెళ్లాడన్న కబురు అక్కడి నావికుల మనసును మార్చేసింది. శిల్పంలో వాల్వు చక్రం పట్టుకున్న వేళ్ల వైపు నేను చాలాసేపు చూశాను. బిగుసుకుపోయిన చక్రాన్ని తిప్పేటప్పుడు మణికట్టు అలాగే తిరుగుతుంది. శిల్పి ఆ పని చేసే మనిషిని దగ్గరగా చూసి ఉంటాడు.

రెండో చోటు నేవా ఒడ్డున లంగరు వేసిన ‘క్రాసిన్’ మంచుకోత ఓడ. మకారొవ్ కట్టించిన ‘యెర్మాక్’ 1964లో తుక్కు కింద పోయింది. అదే సంప్రదాయంలో, న్యూకాసిల్‌లోని అదే ఆర్మ్‌స్ట్రాంగ్ కర్మాగారంలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తయారైన దాని తమ్ముడి వంటిది ఈ ఓడ. 1928లో ఉత్తర ధ్రువ ప్రాంతంలో కూలిన ‘ఇటాలియా’ గాలిఓడ మనుషుల్ని కాపాడి పేరు తెచ్చుకుంది. 1950లలో తూర్పు జర్మనీలో దీని పైభాగమంతా మార్చేశారు గాని, అడుగు ఆకారం చెబుతున్నది మకారొవ్ ఆలోచననే.

ఆ ఆలోచన చిన్నదే, కాని అంతకు ముందు ఎవరూ అంత పెద్ద ఎత్తున నమ్మలేదు. మంచును ముక్కుతో గుద్దితే ఓడే పగులుతుంది. ముక్కును ఏటవాలుగా కోసి, ఓడను మంచు మీదికి ఎక్కనిస్తే, వేల టన్నుల బరువుకు మంచు తనంతట తానే విరుగుతుంది. ఇరుక్కుంటే ఒక పక్క ట్యాంకు నుంచి ఇంకొక పక్కకు నీరు తోడి ఓడనే ఊపి విడిపించుకోవాలి. ‘ఉత్తర ధ్రువానికి, పూర్తి వేగంతో’ అన్న పేరుతో ఆయన 1897లో ఉపన్యాసమిచ్చాడు. శాస్త్రవేత్త మెండెలీవ్ మద్దతు పలికాడు, ఆర్థికమంత్రి విట్టె డబ్బు ఇచ్చాడు. 1899 మార్చి 16న ‘యెర్మాక్’ గడ్డకట్టిన ఫిన్లండు సింధుశాఖను చీల్చుకుంటూ క్రోన్‌స్టాట్ చేరినప్పుడు జనం మంచు మీద నడిచి వెళ్లి ఓడ పక్కన నిలబడి కేరింతలు కొట్టారు. ఆ వేసవిలో స్పిట్స్‌బెర్గెన్ ఉత్తరాన 81వ అక్షాంశం దాటిన యాత్రలో ధ్రువపు మంచు ఓడ ముక్కును గాయపరిచింది. విచారణ సంఘాలు విమర్శించాయి, పత్రికలు ఎద్దేవా చేశాయి. ముందు భాగాన ఉన్న చోదక చక్రం తీసేసి ముక్కును తిరిగి కట్టవలసి వచ్చింది. ధ్రువం ఆయనకు అందలేదు. బాల్టిక్ రేవులకు మాత్రం చలికాలంలో దారి తెరుచుకుంది, ఆ ఓడ అరవై ఏళ్లకు పైగా పనిచేసింది. ఏది ఓటమో తేల్చేముందు ఆ అరవై ఏళ్లను కూడా లెక్కలో వేయాలి.

నాలుగో రోజు: క్రోన్‌స్టాట్

స్తారయా దెరెవ్న్యా మెట్రో నుంచి బస్సు. సింధుశాఖను అడ్డుకట్ట వేసి నగరాన్ని వరదల నుంచి కాపాడే పాతిక కిలోమీటర్ల గట్టు మీదుగా కోట్లిన్ ద్వీపానికి చేరాం. పీటర్ చక్రవర్తి కాలం నుంచి రాజధానికి కాపలా కాసిన నౌకాకోట ఇదే. 1899 చివర్లో మకారొవ్ ఈ రేవుకు అధిపతిగా, పట్టణానికి సైనిక గవర్నరుగా వచ్చి, తూర్పు యుద్ధానికి వెళ్లేవరకు నాలుగేళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు.

మొదట అలెగ్జాండర్ పొపొవ్ రేడియో సంగ్రహాలయం చూశాం. ఈ పొపొవ్ భౌతికశాస్త్రవేత్త. అడ్మిరల్ పొపొవ్ వేరు. నౌకాదళపు మైన్ (ఓడలను పేల్చడానికి నీటిలో పరిచే బాంబు) అధికారుల తరగతిలో 1883 నుంచి ఇక్కడ పాఠాలు చెబుతూ నిస్తంత్రీ పరికరాన్ని రూపొందించాడు. 1899 నవంబరులో ‘జనరల్ అడ్మిరల్ అప్రాక్సిన్’ అనే యుద్ధనౌక మంచు తుపానులో గొగ్లాండ్ ద్వీపపు రాళ్లెక్కింది. దాన్ని విడిపించడానికి నెలలు పడుతుంది, ద్వీపానికి తంతి లేదు. మకారొవ్ పూనికతో పొపొవ్ బృందం గొగ్లాండుకూ కోట్కా దగ్గరి దీవికీ మధ్య దాదాపు 47 కిలోమీటర్ల దూరాన నిస్తంత్రీ సంబంధం నెలకొల్పింది. 1900 ఫిబ్రవరి మొదటి వారంలో అందిన తొలి సందేశాల్లో ఒకటి యుద్ధనౌకకు సంబంధించినదే కాదు: విరిగిన మంచుపలక మీద కొట్టుకుపోతున్న జాలర్లను కాపాడమని ‘యెర్మాక్’కు ఇచ్చిన ఆదేశం అది. వాళ్లు బతికారు. ఏటా తుపాను కాలంలో మన తీరంలో వేటకు వెళ్లి తిరిగిరాని పడవల కోసం రేవులో నిలబడే ఆడవాళ్లను చూసినవాణ్ని. ఆ పరికరం ముందు నుంచి త్వరగా కదలలేకపోయాను. వసంతంలో ‘అప్రాక్సిన్’ను కూడా రాళ్ల మీద నుంచి దింపారు.

మధ్యాహ్నం ఒక భోజనశాలలో క్యాబేజీ పులుసు తెచ్చుకున్నాం. దీన్ని ష్చీ అంటారు. దీనికీ మకారొవ్‌కూ సంబంధం ఉంది. క్రోన్‌స్టాట్ నావికులు తమ పులుసు ఇష్టపడడం లేదని, నల్లసముద్రంలో అదే సరుకుతో వండినది రుచిగా ఉంటుందని గమనించిన గవర్నరు, ఒక వైద్యుణ్ని సెవాస్తోపోల్ పంపి అక్కడ ఎలా వండుతారో నేర్చుకు రమ్మన్నాడు. తేడా సరుకులో లేదు, వండే తీరులో ఉందని తేలాక, ఆ పద్ధతిని ఉత్తర్వుగా రాయించాడు. నౌకాదళంలో ఆ పులుసు ఆయన పేరుతో నిలిచిపోయింది. “నీళ్లలా లేదు మామయ్యా, చిక్కగానే ఉంది” అంటూ మేనల్లుడు రెండోసారి పోయించుకున్నాడు. ప్రవాహాన్ని కొలిచిన చేత్తోనే కూలీ కడుపునూ కొలిచినవాడు ఆయన. 1886 నుంచి 1889 దాకా ‘వీత్యాజ్’ కొర్వెట్టు మీద భూప్రదక్షిణ చేస్తూ నాలుగేసి గంటలకు ఒకసారి సముద్రపు వేడి రాయించినవాడు, వంట గదిని చిన్న విషయంగా ఎందుకు చూస్తాడు? ఆ ‘వీత్యాజ్’ పేరును సముద్ర పరిశోధనకు తోడ్పడిన నౌకల వరసలో మొనాకో సంగ్రహాలయపు గోడ మీద చెక్కారు.

పులుసు తాగి లంగరు చౌకుకు నడిచాం. నేల మీద పోత ఇనుప పలకలు పరిచి ఉన్నాయి. ఎదురుగా నౌకాదళ ప్రధానాలయం. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా నమూనాగా వసీలీ కొస్యాకొవ్ రూపొందించిన ఈ ఆలయానికి 1903లో, మకారొవ్ ఇక్కడ గవర్నరుగా ఉండగా, పునాది వేశారు. 1913లో ప్రతిష్ఠ జరిగింది. బోస్ఫరస్ ఒడ్డున చూసిన గోపురాన్ని బాల్టిక్ ద్వీపంలో మళ్లీ చూడడంతో, ఆయన నడిచిన రెండు ఒడ్లు నాకు ఒక్కచోట కలిసినట్టయింది.

విగ్రహం చౌకు మధ్యలో ఉంది. లియొనీద్ షేర్వుద్ మలచిన ఈ కంచు మకారొవ్‌ను 1913 ఆగస్టు 6న చక్రవర్తి సమక్షంలో ఆవిష్కరించారు. చెక్కని పెద్ద గ్రానైటు బండ మీద, కాస్త ముందుకు వంగి, చేయి చాచి, రెండు పాయల గడ్డంతో నిలబడి ఉంటాడు. కాళ్ల దగ్గర ఒక కంచు అల. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ అలకు గోళ్లు ఉన్నట్టు, డ్రాగనులా అంగీ కొసను పట్టి కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. రాతి ముందువైపు రెండు మాటలు. మేనల్లుడు చదివాడు: “యుద్ధాన్ని మరవకు.” మకారొవ్ తన కార్యాలయానికీ, తన కింది అధికారులకూ పెట్టిన వాక్యం అది. యుద్ధం కోరమని దాని అర్థం కాదని నేను నమ్ముతున్నాను. మరమ్మతు గదిలో మేము గోడ మీద రాసుకునే హెచ్చరిక లాంటిదే అది: నీరు ఎప్పుడైనా రావచ్చు, పట్టీ సిద్ధమేనా చూసుకో.

ఆయన స్వయంగా ఎంత సిద్ధంగా ఉన్నాడో 1904 ఫిబ్రవరి 8 నాటి ఉత్తరం చెబుతుంది. పోర్ట్ ఆర్థర్ నౌకలను బయటి రేవులో ఉంచవద్దని, ఇప్పుడే లోపలికి తేకపోతే మొదటి రాత్రి దాడి తరువాత, పెద్ద మూల్యం చెల్లించాక తేవలసి వస్తుందని ఆయన ఇక్కడి నుంచి నౌకా మంత్రిత్వశాఖకు రాశాడు. దాడి ఆ రాత్రే జరిగింది. వారం తిరగకుండా పసిఫిక్ నౌకాదళాన్ని ఆయన చేతిలో పెట్టారు. మార్చి 8న పోర్ట్ ఆర్థర్ చేరాడు. ముప్ఫై ఆరు రోజులు బతికాడు.

ఏప్రిల్ 12 రాత్రి రేవు బయట వాన చీకట్లో సెర్చ్‌లైటు వెలుగుకు ఏవో ఓడల నీడలు కనబడ్డాయి. తమ విధ్వంసకాలు కొన్ని బయటికి వెళ్లి ఉన్నందున, అవి మనవే కావచ్చునని ఆయన కాల్చనివ్వలేదు. అక్కడ మైన్ల కోసం తెల్లవారి వెతికించాలన్న మాట పోరాటం హడావిడిలో మరుగున పడింది. ఉదయం ఆయన జెండా ఉన్న ‘పెట్రొపావ్లొవ్‌స్క్’ జపాను ఓడలు రాత్రి పరిచిన మైన్ల మీదికి నడిచింది. మైను పేలుడుకు ఓడలోని మందుగుండూ, ఆ తరువాత బాయిలర్లూ పేలాయి. రెండు నిమిషాల్లో ఓడ మునిగింది. ఆరు వందల మందికి పైగా పోయారు. వారిలో చిత్రకారుడు వసీలీ వెరెష్చాగిన్ ఉన్నాడు; 1870లలో మన దేశమంతా తిరిగి తాజ్‌మహల్‌ను చిత్రించినవాడు, తిరుగుబాటు సిపాయిలను ఇంగ్లీషువాళ్లు ఫిరంగి మూతులకు కట్టి పేల్చడాన్ని కాన్వాసుకు ఎక్కించినవాడు. మకారొవ్ శవం దొరకలేదు, కోటు మాత్రం దొరికింది. శత్రుదేశంలో ఇషికావా తకుబొకు అనే పద్దెనిమిదేళ్ల కవి ఆయన కోసం విలాప గీతం రాశాడు.

ఓడ మునగకుండా చూసే విద్యకు ఆద్యుడు మునిగిపోయాడని, దీన్ని విధి ఆడిన ఆటగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. మందుగుండు గది కింద పేలిన మైనుకు ఏ పట్టీ చాలదు, ఆయన ఎన్నడూ చాలుతుందని చెప్పలేదు. ఆయన చెప్పింది చిల్లుకు ముందు చేయవలసిన పని గురించి. ఆ తెల్లవారుజామున జరగనిది కూడా అలాంటి పనే, నీటిని ఒకసారి జల్లెడ పట్టడం. ఆ తప్పు ఆయనది కూడా. ఆయన్ని గౌరవించేవాళ్లం ఆ మాట చెప్పడానికి వెనకాడకూడదు.

ఐదో రోజు: నార్వా దారి

టాలిన్‌కు బస్సులో బయలుదేరాను. మేనల్లుడికి ఎస్తోనియా వీసా లేదు; బస్టాండు దాకా వచ్చి పులిహోర పొట్లం చేతిలో పెట్టి, “సరిహద్దు దాటాక ఒక మెసేజు పెట్టండి మామయ్యా” అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. ఇవాన్‌గొరొద్ దగ్గర వాహనాలను దాటనివ్వడం లేదు. సామాను ఈడ్చుకుంటూ వరసలో గంటలు నిలబడి, రెండు కోటలు ఎదురెదురుగా చూసుకునే నార్వా నది వంతెనను నడిచే దాటాం. అవతల ఇంకొక బస్సు. టాలిన్ చేరేసరికి రాత్రి అయింది.

ఆరో రోజు: టాలిన్

ఈ నగరం జార్ల కాలంలో రెవెల్. కద్రియొర్గ్ తోట అంచున, సముద్రానికి ఎదురుగా, ‘రుసాల్కా’ స్మారకం ఉంది. మకారొవ్ పట్టీకి పుట్టుకనిచ్చిన నౌక అదే. నా యాత్ర ఇక్కడే ముగియాలని మొదటి నుంచీ అనుకున్నాను.

1869లో మెరకెక్కి బతికిన ఆ ఓడ ఆ తరువాత ఇరవై నాలుగేళ్లు పనిచేసింది. 1893 సెప్టెంబరు 19 ఉదయం ‘తూచా’ అనే చిన్న ఫిరంగి నౌకతో కలిసి ఇక్కడి నుంచి హెల్సింకీ వైపు బయలుదేరింది. గాలి ముదిరింది. రెండు ఓడలూ ఒకదానికొకటి కనబడకుండా పోయాయి. ‘తూచా’ చేరింది. ‘రుసాల్కా’ చేరలేదు. పన్నెండు మంది అధికారులు, 165 మంది నావికులు, మొత్తం 177 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అప్పటికి మకారొవ్ రియర్ అడ్మిరల్, నౌకాదళ ఫిరంగుల ప్రధాన తనిఖీదారు. కవచాన్ని ఛేదించే గుండ్లకు మెత్తని లోహపు టోపీ తొడిగే ఆలోచన చేస్తున్న రోజులవి. తాను మొదటి పాఠం నేర్చుకున్న ఓడ పోయిందన్న కబురు ఆయన ఎలా విన్నాడో ఊహించడానికి ప్రయత్నించి వదిలేశాను.

శిల్పి అమందుస్ అడమ్‌సన్ మలచిన స్మారకం 1902లో వెలిసింది. ఓడ ముక్కులా చెక్కిన గ్రానైటు, దాని పైన కంచు దేవదూత. తన ఇంట్లో పనిచేసే యువతిని ఎదుట నిలబెట్టి అడమ్‌సన్ ఆ ముఖాన్ని తీర్చాడు. దేవదూత కుడిచేతిలోని శిలువ సముద్రం వైపు, ఓడ వెళ్లిన దిక్కుకు చాచి ఉంటుంది. నేను వెళ్లేసరికి కొత్తగా పెళ్లయిన జంట ఒకటి మెట్ల మీద పూలు పెట్టి ఫొటోలు తీయించుకుంటున్నది. ఇక్కడి రష్యన్ మాట్లాడేవారిలో అది ఆనవాయితీ.

ఓడ జాడ 110 ఏళ్లకు దొరికింది. 2003లో ఎస్తోనియా పరిశోధకులు హెల్సింకీకి దక్షిణాన, 74 మీటర్ల లోతున దాన్ని కనుగొన్నారు. పడుకుని లేదు. ముక్కు బురదలో దిగబడి, వెనక భాగం పైకెత్తి, దాదాపు నిలువుగా నిలబడి ఉంది. ముందు భాగంలోకి నీరు చేరి ఓడ తలకిందులై నిటారుగా దిగి ఉంటుందని ఓడలతో పనిచేసిన ఎవరికైనా ఆ భంగిమ చూస్తే తడుతుంది. ముందు గదిలోని నీటిని వెనక పంపుకు చేర్చే గొట్టం గురించి ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు ఎందుకంత పట్టుబట్టాడో నాకు ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు మళ్లీ అర్థమైంది.

స్మారకం చుట్టూ గొలుసులతో కలిపిన పొట్టి స్తంభాలు ఉన్నాయి. అధికారుల పేర్లు ప్రధాన శిల మీద ఉంటే, నావికుల పేర్లు ఈ స్తంభాల మీద చెక్కారు. రష్యన్ లిపి నాకు రాదు. ఒక్కో స్తంభానికి ఫొటో తీసి మేనల్లుడికి పంపడం మొదలుపెట్టాను. కాసేపటికి వాడు తరగతి నుంచి బయటికి వచ్చి, పేర్లు చదివి రికార్డు చేసి తిరిగి పంపసాగాడు. మొదటి స్తంభం దగ్గరికి వెనక్కి వెళ్లి, ఫోను చెవికి ఆనించి, వాడు చదువుతున్న పేరు ఏ వరసలో ఉందో వేలితో తడుముతూ ఒక్కో స్తంభం దాటాను. సముద్రపు గాలికి కొన్ని పేర్లు సరిగా వినబడలేదు. వాటిని మళ్లీ చదవమని అడిగాను. వాడు విసుక్కోకుండా చదివాడు.